విదేశీ విద్యుత్ పరికరాలు – మన ఇంటి కరెంటు

వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, పాఠం చెప్పడం తప్ప నాకు మరొకటి రాదని చెప్పాను. "పాఠమే రాయండి మాస్టారూ. కాని పరీక్షలో రానిది రాయండి" అన్నారు. అందుకే ఈ వ్యాసం. ఇది సిలబస్‌లో లేదు. కాని ఇక్కడ చదివి పై దేశాలకు వెళ్ళిన వారి ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరే ప్రశ్న ఇది.

నేను ఈ కళాశాలలోనే ఎలక్ట్రికల్ చదివి, ఇక్కడే పాఠం చెబుతున్నవాణ్ణి. మా ఊరు కోనసీమలో. ఒక్కరైనా గల్ఫుకు వెళ్ళని వీధి మా వైపు అరుదు. తరువాత అమెరికా వెళ్ళే పిల్లలు పెరిగారు. సంక్రాంతికి నేను ఊరు వెళ్ళానంటే ఎవరో ఒకరు అట్టపెట్టె చంకన పెట్టుకుని మా అరుగు ఎక్కుతారు. "మాస్టారూ, ఇది మన కరెంటుకి పనిచేస్తుందా?" అని అడుగుతారు. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. వస్తువును తిరగేసి, వెనక అంటించిన చీటీ చదవాలి. ఆ చీటీ చదవడమే ఈనాటి పాఠం.

చీటీ మీద మూడు అంకెలు

ఏ విద్యుత్ పరికరానికైనా అడుగునో వెనకనో ఒక చీటీ ఉంటుంది. దాని మీద మూడు సంగతులు చూడాలి. మొదటిది వోల్టులు. రెండవది హెర్ట్జ్, అంటే పౌనఃపున్యం. మూడవది వాట్లు లేదా ఆంపియర్లు. మనవాళ్ళలో చాలామంది ఈ మూడింటినీ వదిలేసి నాలుగో సంగతి చూస్తారు. అది ప్లగ్గు. ఎడాప్టరు కొని ప్లగ్గు పట్టేలా చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఎడాప్టరు చేసే పని లోహపు కాళ్ళ ఆకారాన్ని మార్చడమే. అది వోల్టేజిని ఒక్క వోల్టు కూడా తగ్గించదు.

మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పెద్దవాళ్ళు 240 అని చదువుకున్నారు, దానితో పెద్ద పేచీ లేదు. బ్రిటన్, ఐరోపా, ఆస్ట్రేలియా, సింగపూరు, కువైట్, దుబాయి, ఇవన్నీ దాదాపు మన కుటుంబమే. అక్కడి ప్లగ్గులు వేరుగాని కరెంటు ఒకటే. అమెరికాది వేరే కుటుంబం. అక్కడ గోడ సాకెట్టులో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. సౌదీ అరేబియా ఈ రెండింటికీ మధ్యన ఉన్నది. అక్కడ ఇళ్ళకు ఒకప్పుడు 127 వోల్టులు ఇచ్చేవారు, తరువాత 230 వైపు మారుతూ వచ్చారు. పౌనఃపున్యం మాత్రం 60. కనుక గల్ఫు సామాను అంతా ఒకటే అనుకోరాదు.

జపాను కథ మరీ విచిత్రం. వోల్టేజి దేశమంతటా 100. కాని 1895లో టోక్యో వారు జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు తెప్పించారు. 1896లో ఒసాకా వారు అమెరికా నుంచి 60 హెర్ట్జ్ జనరేటర్లు తెప్పించారు. అప్పటినుంచి నేటివరకు తూర్పు జపానుది 50, పడమటి జపానుది 60. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి తూర్పున విద్యుత్ కేంద్రాలు ఆగిపోయినప్పుడు, పడమటి నుంచి కరెంటు పంపడానికి పౌనఃపున్యం మార్చే కేంద్రాల సామర్థ్యం సుమారు 1,000 మెగావాట్లు మాత్రమే. పక్క ఊళ్ళో కరెంటు ఉన్నా చాలినంత తెచ్చుకోలేకపోయారు. పౌనఃపున్యం అంత మొండిది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉన్నది.

వోల్టేజి: రెట్టింపు కాదు, వర్గం

1996లో మా అక్కయ్య అమెరికా నుంచి వస్తూ అమ్మకు అన్నం వండే కుక్కరు తెచ్చింది. చీటీ మీద 120 వోల్టులు, 600 వాట్లు. నేను కాలేజీలో ఉన్నాను. బావగారు ఎడాప్టరు తగిలించి స్విచ్చు వేశారు. రెండు మూడు నిమిషాల్లో గంజి పైకి పొంగింది, తరువాత పొగ వచ్చింది, తరువాత ఇంట్లో కరెంటు పోయింది. అన్నం కట్టెల పొయ్యి మీదే ఉడికింది. సాయంత్రం నేను ఇంటికి వెళితే "నువ్వు చదివిన చదువు ఏ పూటకు పనికొస్తుందిరా?" అని అమ్మ అడిగింది.

ఈ కథ క్లాసులో చెప్పి, "కుక్కరు ఎన్ని రెట్ల వేడి పుట్టించింది?" అని అడుగుతాను. ఏటా సగం క్లాసు "దాదాపు రెండు రెట్లు" అంటుంది. తప్పు. లెక్క చూడండి.

600 వాట్లు, 120 వోల్టులు అంటే కరెంటు 5 ఆంపియర్లు. తీగ నిరోధం 24 ఓములు. ఈ నిరోధం మన ఊరొచ్చినా మారదు. 230ని 24తో భాగిస్తే 9.6 ఆంపియర్లు. దాన్ని 230తో గుణిస్తే సుమారు 2,200 వాట్లు. అంటే 3.67 రెట్లు. వోల్టేజి ఇంచుమించు రెట్టింపైతే కరెంటు కూడా రెట్టింపవుతుంది గనుక, రెండూ గుణించుకుని సామర్థ్యం నాలుగు రెట్లకు చేరువవుతుంది. 600 వాట్లకని చేసిన తీగ 2,200 వాట్లు మోయలేదు. పైగా మన చిన్న త్రీపిన్ సాకెట్టు 6 ఆంపియర్లకు ఉద్దేశించింది. వస్తువు కాలకపోతే సాకెట్టు కాలుతుంది.

ఇదే లెక్క తిరగేస్తే, మన ఇస్త్రీపెట్టె అమెరికా తీసుకువెళితే నాలుగో వంతు కంటె కాస్త ఎక్కువ వేడి మాత్రమే ఇస్తుంది. ప్రమాదం లేదు గాని చొక్కా ముడత పోదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుకోవడం

దీనికి మందు 230ని 110 లేక 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్. ఇవి బజారులో దొరుకుతాయి. కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం.

ఒకటి, బలం. కుక్కరు, ఇస్త్రీపెట్టె వంటి వేడి పరికరాలకు చీటీ మీది వాట్లకు ఒకటిన్నర రెట్లు వోల్ట్-ఆంపియర్లు ఉండే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. మోటారు ఉన్నవాటికి రెండు మూడు రెట్లు కావాలి, ఎందుకంటే మోటారు కదిలే క్షణంలో మామూలు కంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది.

రెండు, రకం. బజారులో చవకగా దొరికేవి ఎక్కువగా ఆటోట్రాన్స్‌ఫార్మర్లు. వీటిలో ఒకటే చుట్ట, దాని మధ్య నుంచి 110 తీస్తారు. రాగి తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. కాని రెండు వైపులకూ ఉమ్మడిగా ఉన్న భాగంలో తీగ తెగితే 230 వోల్టులూ తిన్నగా పరికరం మీదికి వస్తాయి. విలువైన వస్తువుకు రెండు విడి చుట్టలున్న ట్రాన్స్‌ఫార్మరే మంచిది.

మూడు, మన లైను. ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తిని కాపాడుతుంది, వోల్టేజిని కాదు. లైను 230 నుంచి 180కి దిగితే, 110 కూడా 86కి దిగుతుంది. మా ఊళ్ళో సాయంత్రం పూట అంత దిగడం నేను మీటరు పెట్టి చూశాను. అలాంటి చోట ముందు స్టెబిలైజరు, ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లు కొన్ని ప్రయాణికుల కోసం అమ్ముతారు. "1,600 వాట్లు" అని గొప్పగా రాసి ఉంటుంది. అందులో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అది కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి పంపుతుంది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రానికి పది నిమిషాలు పనికివస్తుందేమో గాని, రేడియోకు, మోటారుకు పనికిరాదు. ఇక కొందరు మెకానిక్కులు "ఒక డయోడు వేస్తే సగమైపోతుంది సార్" అంటారు. సగమయ్యేది సామర్థ్యం, వోల్టేజి కాదు. 3.67 రెట్లలో సగం 1.83. అప్పటికీ వస్తువు మీద దాదాపు రెట్టింపు భారం పడుతున్నట్టే. నమ్మకండి.

పౌనఃపున్యం: ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేనిది

వోల్టేజి సరిచేశాం. ఇక 60 హెర్ట్జ్ సంగతి. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి 50 వెళితే బయటికీ 50 వస్తుంది. దాన్ని మార్చాలంటే ఏకాంతర విద్యుత్తును ఏకముఖం చేసి, మళ్ళీ కొత్తగా ఏకాంతరం చేసే యంత్రం కావాలి. అటువంటివి ఉన్నాయి గాని, ఇంట్లో ఒక చిన్న వస్తువు కోసం కొనేంత చవక కాదు.

వేడి పరికరాలకు పౌనఃపున్యంతో పని లేదు. కాని కరెంటు లయను బట్టి తిరిగేవాటికి ఉన్నది. పాతకాలపు గోడ గడియారాలు కొన్ని కరెంటు స్పందనలనే లెక్కపెట్టుకునేవి. 60కి చేసిన గడియారం 50 మీద నడిస్తే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. అమెరికా నుంచి వచ్చిన పాత రికార్డు ప్లేయరులో అటువంటి మోటారే ఉంటే, నిమిషానికి 33 చుట్లకు పైగా తిరగవలసిన రికార్డు 28 కంటె తక్కువ తిరుగుతుంది. ఘంటసాల గారి పాట కూడా బరువెక్కి, శ్రుతి దిగిపోతుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, 60కి 50కి ఉన్న నిష్పత్తి 6కి 5. సాధారణ గాంధారం నుంచి షడ్జమానికి దిగినట్టు. పాడేవారి తప్పు కాదది, మన సబ్‌స్టేషను లయ.

మోటారుకు వేగం తగ్గడమొక్కటే కాదు, వేడి కూడా ఎక్కుతుంది. మోటారు ఇనుములోని అయస్కాంత అభివాహం వోల్టేజిని పౌనఃపున్యంతో భాగించగా వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 120ని 60తో భాగిస్తే 2. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌తో 120 ఇచ్చి 50తో భాగిస్తే 2.4. అంటే 20 శాతం ఎక్కువ. ఇనుము అంత మోయలేక సంతృప్తమై, మోటారు మూలిగి వేడెక్కుతుంది. అందుచేత 60 హెర్ట్జ్ ప్రేరణ మోటారుకు మన దగ్గర 120 కాక 100 వోల్టులు ఇవ్వడం ఉచితం. 100ని 50తో భాగిస్తే మళ్ళీ 2. వేడి తగ్గుతుంది. వేగం మాత్రం ఆరింట అయిదు వంతులే, దానికి మందు లేదు.

మిక్సీ వంటి కార్బన్ బ్రష్షులున్న మోటార్లకు ఈ చిక్కు లేదు. వాటికి వోల్టేజి సరిపోతే చాలు. కాని మన 750 వాట్ల మిక్సీని అమెరికా తీసుకుపోతే అక్కడ 1,500 వోల్ట్-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మిక్సీ కంటె అదే బరువు. వెట్ గ్రైండరుది ప్రేరణ మోటారు గనుక దానికి పూర్తి వోల్టేజి ఇచ్చినా అక్కడ వేగం పెరిగి బలం తగ్గుతుంది. నిండుగా పోసిన పప్పుతో మొదలుపెడితే మొరాయిస్తుంది. కనుక అమ్మాయికి సారెగా గ్రైండరు పంపేవారు అక్కడి కరెంటుకని ఇక్కడ తయారుచేస్తున్న 110 వోల్టుల రకమే కొనడం మేలు.

ప్లగ్గు, ఎర్తు, తీగల రంగులు

మన గుండ్రటి కాళ్ళ త్రీపిన్ ప్లగ్గు బ్రిటిష్ వారిదే. వాళ్ళు 1947లో చదరపు కాళ్ళ ప్లగ్గుకు ప్రమాణం రాసుకుని పాతదాన్ని క్రమంగా వదిలేశారు, మనం అట్టే పెట్టుకున్నాం. కువైట్, దుబాయి నుంచి వచ్చేది ఆ చదరపు ప్లగ్గే. దాని పొట్టలో చిన్న ఫ్యూజు ఉంటుంది. మనవాళ్ళు ఆ ప్లగ్గు కోసేసి మన ప్లగ్గు బిగిస్తారు. అప్పుడు ఫ్యూజు కూడా పోతుంది. సన్నటి తీగకు ఉన్న కాపలా పోయిందన్నమాట. కోయకుండా మంచి ఎడాప్టరు వాడండి, లేదా ఆ చదరపు సాకెట్టునే గోడకు పెట్టించండి.

ఐరోపా ప్లగ్గుల్లో లావైన రకం మన సాకెట్టులో పట్టేస్తుంది. దాని ఎర్తు పక్కల ఉంటుంది గనుక మన ఎర్తు దానికి తగలదు. వస్తువు పనిచేస్తూనే ఉంటుంది. లోపల ఫేజు తీగ ఎప్పుడు ఒంటికి తగిలితే అప్పుడు ఆ లోహపు ఒళ్ళు మనిషి కోసం కాచుకుని ఉంటుంది. ఎర్తు లేకపోయినా వస్తువు ఆడుతుంది. అందుకే ఎర్తు లేదన్న సంగతి ప్రమాదం జరిగేదాకా తెలియదు.

అన్నిటికంటె ముఖ్యం రంగులు. మన పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. కొత్త పద్ధతిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు, పసుపు చారల ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నలుపే ఫేజు! తెలుపు న్యూట్రలు. అక్కడి వస్తువు ప్లగ్గు మార్చే మన మెకానిక్కు నలుపును అలవాటుగా న్యూట్రలుకు కలుపుతాడు. వస్తువు నిక్షేపంగా పనిచేస్తుంది. కాని దాని స్విచ్చు ఆపినప్పుడు తెగేది న్యూట్రలు మాత్రమే, లోపల తీగకు ఫేజు అంటుకునే ఉంటుంది. "ఆపేశాం కదా" అని రొట్టెలు కాల్చే పెట్టెలో చెంచా పెట్టినవారి గతి ఆలోచించండి.

ఏ చింతా అక్కరలేనివి

భయపెట్టానేమో. ఒక శుభవార్త చెబుతాను. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల చీటీ మీద సాధారణంగా "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటుంది. అవి వచ్చిన కరెంటును ముందే ఏకముఖం చేసుకుని, తమకు కావలసిన రూపంలోకి మార్చుకుంటాయి. వాటికి ట్రాన్స్‌ఫార్మర్ దండగ, ఎడాప్టరు చాలు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లకు మాత్రం వెనక 115, 230 అని చిన్న మీట ఉండేది. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే లోపలి కెపాసిటర్లు టపాకాయల్లా పేలేవి. మన లేబొరేటరీలో ఆ చప్పుడు విన్న బ్యాచి వారు ఇది చదివి నవ్వుకుంటారు.

2021 మే నెల

చివరగా, ఈ పాఠం రాయాలని నాకు నిజంగా ఎందుకు అనిపించిందో చెబుతాను.

కోవిడ్ రెండో ఉధృతి రోజులు. కర్ఫ్యూ. ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ సిలిండర్లు లేవు. రాత్రి పదకొండు గంటలకు అమెరికా నుంచి ఫోను. మన కళాశాల పూర్వ విద్యార్థి, నా క్లాసులో కూర్చున్నవాడే. "మాస్టారూ, నాన్నగారికి ఆక్సిజన్ తగ్గుతున్నది. నేను పంపిన కాన్సెంట్రేటరు ఇవాళే ఇంటికి చేరింది. ప్లగ్గు పట్టడం లేదంటున్నారు. మీరొక్కసారి చూస్తారా?" అన్నాడు. గొంతు వణుకుతున్నది.

ఆ యంత్రం గాలిని కంప్రెసరుతో నొక్కి, జియోలైట్ అనే పదార్థం గుండా పంపి, నైట్రోజన్‌ను అక్కడ పట్టేసి ఆక్సిజన్ ఇస్తుంది. వీడియోలో చీటీ చూపించమన్నాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 350 వాట్లు. కంప్రెసరుది ప్రేరణ మోటారు. ఎడాప్టరు దొరకకపోవడమే ఆ ఇంటి అదృష్టం.

ఆ రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దొరుకుతుంది? శాఖాధిపతి గారికి ఫోను చేసి అనుమతి తీసుకున్నాను. వాచ్‌మన్ లేబొరేటరీ తలుపు తీశాడు. మనం ప్రయోగాలకు వాడే వేరియాక్ స్కూటరు మీద పెట్టుకుని వెళ్ళాను. గుమ్మం బయట నిలబడి, మాస్కు మీద మాస్కు వేసుకుని, మల్టీమీటరుతో చూస్తూ మొదట 120 వోల్టులు ఇచ్చాను. యంత్రం తిరిగింది గాని మూలిగింది, పది నిమిషాల్లో వేడెక్కింది. 100కి దించాను. మూలుగు తగ్గింది. కాని అయిదు లీటర్ల మీద పెట్టేసరికి శుద్ధత చాలదని పసుపు దీపం వెలిగింది. కంప్రెసరు ఆరింట అయిదు వంతుల వేగంతో తిరుగుతుంటే నిండు గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఫోనులో ఉన్న డాక్టరు గారితో మాట్లాడి ధారను రెండు లీటర్లకు తగ్గించాం. దీపం ఆరింది. పెద్దాయన వేలికి పెట్టిన మీటరు మీద అంకె నెమ్మదిగా పైకి వచ్చింది. వేరియాక్ నాబ్ ఎవరి చేయి తగిలీ తిరగకుండా తాడు కట్టి, టేపు చుట్టి, తెల్లవారేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో మంచం దొరికింది.

ఆయన బతికారు. యంత్రమే బతికించిందని నేననను, ఆసుపత్రి బతికించింది. యంత్రం ఒక రాత్రిని దాటించింది. మరో మాట. ఇది అనుకరించదగిన పద్ధతి కాదు. వైద్య పరికరాన్ని తయారుచేసినవారు చెప్పిన కరెంటు మీదే నడపాలి. గతిలేక చేసిన పని అది.

తరువాత ఆ అబ్బాయి ఫోను చేసి ఏడ్చాడు. "230 వోల్టులు, 50 హెర్ట్జ్ యంత్రాలు కూడా అమ్ముతున్నారు మాస్టారూ. నేను చూడలేదు. త్వరగా వస్తుందని ఇది కొన్నాను" అన్నాడు. నేనేమీ అనలేదు. కాని ఇంటికి వచ్చాక ఒక సంగతి గుర్తొచ్చింది. పౌనఃపున్యం తగ్గితే ప్రేరణ మోటారుకు ఏమవుతుందన్న ప్రశ్న అతని బ్యాచికి నేనే ఇచ్చాను. పదికి తొమ్మిది వేశాను.

విద్యార్థి మిత్రులారా, తప్పు అతనిదొక్కడిదే కాదు. సమాధాన పత్రంలో రాయడం నేర్పాను గాని, వస్తువును తిరగేసి చూడడం నేర్పలేదు. ఆ బాకీ ఈ వ్యాసంతో కొంత తీర్చుకుంటున్నాను. మీరు రేపు ఏ దేశం వెళ్ళినా, అమ్మానాన్నలకు ఏది పంపాలనుకున్నా, డబ్బు కట్టే ముందు ఆ చీటీ ఫొటో తెప్పించుకోండి. వోల్టులు చూడండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. వాట్లు చూడండి, దాని బలం తెలుస్తుంది. మోటారు ఉంటే హెర్ట్జ్ చూడండి, అది కలవకపోతే కొనకండి. అప్పటికీ అనుమానం తీరకపోతే మాస్టారికి ఫోను చేయండి. రాత్రి పదకొండైనా పరవాలేదు. కొన్న తరువాత కాదు, కొనే ముందు.